సమయమునకు చెల్లించు వెల

ధ్యాన భాగములు: ఎఫెసీయులకు 5:15–17, లూకా 10:38–42



సమయము లేదను మాట మన నోట ఎంత తరచుగా వచ్చుచున్నదో గమనించితిరా? వాక్యము చదువుటకు సమయము లేదు. రోగిని చూడబోవుటకు సమయము లేదు. కన్నబిడ్డతో కూర్చుండి నాలుగు మాటలాడుటకు సమయము లేదు. అయినను సూర్యుడు ఉదయించుట అస్తమించుట మన తాతల కాలమున ఎట్లుండెనో నేడును అట్లే యున్నది. దినమునకున్న గడియలలో ఒక్కటియు తగ్గలేదు. మోషే ప్రార్థనయని పేరుపొందిన తొంబదియవ కీర్తనలోని భక్తుడు దినములు పెంచుమని దేవుని వేడుకొనలేదు. ఉన్న దినములను లెక్కించు విద్య నేర్పుమని వేడుకొనెను. ధనవంతుడు లెక్క చూచుకొనకపోయినను కొంతకాలము జరుగును గాని, కొద్దిపాటి రొక్కము గలవాడు లెక్క చూచుకొననియెడల నెల గడవదు. మనమందరమును ఈ రెండవ తరగతివారమే.

అట్లు లెక్కించిన దినమొకటి మన పరిశీలనకు దొరకుచున్నది. అది 1806వ సంవత్సరము జూన్ 12వ తేదీ, గురువారము. ఆ రాత్రి కలకత్తా నగరములో విలియమ్ కేరీ దీపము ముందర కూర్చుండి, ఇంగ్లాండులోనున్న తన మిత్రుడు జాన్ రైలండునకు ఉత్తరము వ్రాయుచు, ఆ దినము తాను గడపిన విధమంతయు అందులో వివరించెను. అప్పటికాయనకు 44 ఏండ్లు. యౌవనమున చెప్పులు కుట్టి జీవించిన ఆయన, 1793 నవంబరులో కలకత్తాకు వచ్చి, ఉత్తర బంగాళములో నీలిమందు కర్మాగారమున కొన్ని సంవత్సరములు పనిచేసి, 1800 జనవరిలో డేనిష్ వారి ఏలుబడిలోనున్న సేరంపూరునకు చేరెను. 1801 నుండి కలకత్తాలోని ఫోర్ట్ విలియమ్ కళాశాలలో భాషోపాధ్యాయుడాయెను. అందువలన వారములో సగము నగరమందును, సగము సేరంపూరునందును గడపవలసి యుండెను. నేడు కోల్‌కతా అను పేరుగల ఆ నగరమునకును సేరంపూరునకును మధ్య దూరము సుమారు 25 కిలోమీటర్లు. హౌరా నుండి ఆ మార్గమున రైళ్లు నడచుట 1854లోగాని ఆరంభము కాలేదు గనుక కేరీ రాకపోకలన్నియు హుగ్లీ నదిమీద పడవలోనే జరిగెను.

ఆ గురువారము ఆయన ఆరింటికి పావు గంట ముందుగా లేచెను. హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు గంటల వరకు ఏకాంత ప్రార్థనలో గడపెను. తరువాత పనివారితో కూడి బంగాళీ భాషలో కుటుంబ ప్రార్థన. తేనీరు పోయుచుండగా, తాను పడకగది విడచునప్పటికే వచ్చి వేచియున్న మున్షీతో కొంత పారసీకము చదివెను. ఫలహారమునకు ముందు హిందూస్థానీలో లేఖన భాగము చదువుటయు జరిగెను. ఫలహారమైన తక్షణమే, అతనివలెనే వేచియున్న పండితునితో కూర్చుండి పది గంటల వరకు సంస్కృత రామాయణమును ఆంగ్లీకరించెను. పది మొదలు ఒంటిగంట దాటువరకు కళాశాల. ఇంటికి వచ్చినపిమ్మట యిర్మీయా గ్రంథపు బంగాళీ అనువాదపు అచ్చుప్రతి దిద్దుటలో భోజనవేళ ఆయెను. భోజనానంతరము కళాశాల ప్రధాన పండితుని సహాయముతో మత్తయి సువార్త ఎనిమిదవ అధ్యాయములో అధిక భాగమును సంస్కృతములోనికి తెచ్చునప్పటికి సాయంకాలము ఆరు గంటలు కొట్టెను.

తెలుగు చదువరులు ఆగవలసిన స్థలమిదే. ఆరు గంటల తరువాత కేరీ ఒక తెలుగు పండితునితో కూర్చుండి మన భాష నేర్చుకొనెను. ఆ పండితుడు అప్పుడు సంస్కృతము నుండి తన దేశభాషలోనికి అనువాదము చేయుచుండెనట. అతని పేరు ఆ ఉత్తరములో లేదు. పగలంతయు తన పని తాను చేసికొని, వానకాలపు ఆరంభమున ఉక్కపోయుచున్న బంగాళపు సాయంకాలమందు, ఇంటికి ఎంతో దూరమున, పరదేశీయునికి మన అక్షరములను ఓపికతో పలికి చూపిన ఆ పేరులేని మనుష్యుని నేను అప్పుడప్పుడు తలంచుకొనుచుందును. అనువాద చరిత్రలు వ్రాయువారు ఇట్టివారికి ఒక్క పంక్తియైన ఇయ్యరు.

ఏడింటికి కేరీ కొన్ని తలంపులను ప్రసంగరూపముగా కూర్చుకొనుట మొదలుపెట్టి, ఏడున్నరకు ఆంగ్లములో ప్రసంగించెను. (యువబోధకులారా, ఈ అరగంటను మాత్రము ఆదర్శముగా తీసికొనకుడి. దాని వెనుక ఉదయపు హెబ్రీ అధ్యాయమును, ఇరువది ఏండ్లకు పైబడిన లేఖన పరిచయమును ఉన్నవి.) కూడినవారు సుమారు 40 మంది. వారిలోనున్న ఒక న్యాయాధిపతి, నూతన ఆరాధన మందిర నిర్మాణమునకై 500 రూపాయలు చందా వ్రాసెను. ఆ మందిరమే 1809 జనవరి 1న ఆరాధనకు తెరువబడినది. బౌబజారు వీధిలో కేరీ పేరుతో నేటికిని నిలిచియున్నది. తొమ్మిది గంటలకు జనులు వెళ్లిపోయిరి. అప్పుడాయన యెహెజ్కేలు పదునొకండవ అధ్యాయమును బంగాళీలోనికి అనువదించి, రాత్రి చాల ప్రొద్దుపోయిన పిమ్మట ఈ ఉత్తరము వ్రాయుటకు కూర్చుండెను. ఇది ముగించి గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయము చదివి, తన్నుతాను దేవునికి అప్పగించుకొని పండుకొందుననెను. పనులు మారుచుండునే గాని, ఏ దినమందును తనకు ఇంతకంటె తీరిక దొరకదనియు వ్రాసెను.

ఇట్టి దినచర్యను చదివి కొందరు నిరుత్సాహపడుదురు, కొందరు ఉద్రేకపడి మరునాడే గడియారమునకు మేలుకొలుపు పెట్టుకొందురు. రెండును పనికిమాలినవే. మనము చూడవలసినది గంటల సంఖ్య కాదు. ఆ గంటలు కట్టబడిన తీరు. ఒక్కొక్క పనియొద్ద ఒక్కొక్క మనుష్యుడు కూర్చుండియున్నాడు గమనించుడి. పారసీకమునకు మున్షీ, రామాయణమునకు పండితుడు, మత్తయికి ప్రధాన పండితుడు, తెలుగునకు తెలుగు పండితుడు. కేరీ తన మనస్సు చెదరిపోకుండ తన సంకల్పబలముమీద ఆనుకొనలేదు. గుమ్మమునొద్ద వేచియున్న మనుష్యుని ముఖము చూచిన తరువాత పడకమీద దొర్లుట కష్టము. ఎదుట కూర్చున్నవాడు ఒక మాటకు అర్థము అడుగుచుండగా వేరొక ఊహలో తేలిపోవుట ఇంకను కష్టము. అనువాదపు బల్లయొద్ద కూర్చుండు మావంటివారికి ఇది నిత్యానుభవము. ఒంటరిగా చేసిన పనిలో మూడు వచనములకే చిత్తము ఊరంతయు తిరిగి వచ్చును. తోడివాడున్న దినమున అధ్యాయము తెలియకుండగనే జరిగిపోవును. ప్రార్థన విషయమందును ఇంతే. ఇంటిలో ఒకరికొకరు తోడుగా మోకరించుట మన పెద్దలు వట్టి ఆచారముగా పెట్టలేదు.

ఇప్పుడు అపొస్తలుని మాటకు వత్తము. ఎఫెసీ సంఘమునకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయము పదునారవ వచనములో పౌలు సమయమును గూర్చి వాడిన క్రియ 'ఎక్సగోరాజో' అనునది. ఇది సంతకు సంబంధించిన మాట. 'అగోరా' అనగా అంగడివీధి. సంతలోనున్న సరకును వెల చెల్లించి బయటికి తెచ్చుకొనుట దాని భావము. గలతీ పత్రికలో క్రీస్తు మనలను ధర్మశాస్త్ర శాపము నుండి విమోచించెనని చెప్పు చోటను అపొస్తలుడు ఈ క్రియనే వాడెను. సమయమను దానికి ఆయన వాడిన మాట 'కైరోస్'. గడియారపు ముల్లు కొలుచు కాలము కాదు, అదను. రైతు అదనని దేనిని అందురో అదియే. విత్తుటకు అదను తప్పినయెడల తరువాత ఎన్ని గంటలు చాకిరి చేసినను పంట రాదు. మన జీవితములో గంటలు తక్కువై కాదు, అదను తప్పియే నష్టపోయినవి అనేకములు.

ఇందులో మరియొక విశేషము కలదు. పాత నిబంధన గ్రీకు అనువాదములో, దానియేలు రెండవ అధ్యాయము ఎనిమిదవ వచనమున, ఈ రెండు మాటలే జంటగా కనబడుచున్నవి. అయితే అచ్చట మాటలాడువాడు నెబుకద్నెజరు. కల చెప్పలేని జ్ఞానులను చూచి, మీరు సమయము కొనుచున్నారని ఆక్షేపించుచున్నాడు. అనగా గడువుకై సాకులు వెదకుచున్నారని భావము. మాటలు రెండు చోట్లను అవే. ఒక చోట ప్రాణము నిలుపుకొనుటకు చేయు కాలహరణము, మరియొక చోట వెల పెట్టి అదనును దక్కించుకొనుట. రేపు చేయుదును, పండుగ వెళ్లిన తరువాత చేయుదును, పిల్లల చదువులు ముగిసిన తరువాత చేయుదును అనుచు మనమును సమయమును కొనుచునే యున్నాము గాని, అది పౌలు సంతలో కొనుట కాదు, బబులోను సభలో కొనుట.

వెల చెల్లించకుండ సరకు రాదు. ఒక గంట ప్రార్థనకు వెల ఏది? రాత్రి ప్రొద్దుపోవు వరకు చేతిఫోనులో చూచు బొమ్మలు కావచ్చును. మునుపు మనుష్యుడు సంతకు పోవలసి యుండెను; ఇప్పుడు సంతయే జేబులో వచ్చి కూర్చున్నది. అది నిమిషమునకొకసారి పిలుచును. పిలిచినప్పుడెల్ల పలుకువాడు ఎవని దాసుడో చెప్పనవసరము లేదు. సంఘములో వాట్సాప్ ద్వారా వాక్యము పంపువారిని నేను తప్పుపట్టను. అయితే ఉదయమున ఇరువది వచనములు ఇరువది మందికి పంపి, ఒక్కదానియొద్దనైనను అయిదు నిమిషములు నిలువనివాడు సువార్తికుడు కాడు, తపాలా మోయువాడు. తపాలా మోయుట గౌరవమైన పనియే. అయితే తనకు వచ్చిన ఉత్తరమును విప్పి చదువుకొనని తపాలావాని సంగతి వేరు.

ఇక బేతనియలోని ఇంటికి పోవుదము. లూకా పదియవ అధ్యాయములో మార్త స్థితిని వర్ణించుటకు సువార్తికుడు వాడిన గ్రీకు క్రియకు, నలుదిక్కులకు లాగబడుట అని అర్థము. మన తెలుగు బైబిలులో ఆ చోట 'తొందర' అను మాట పడినది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయము ముప్పదియయిదవ వచనములో పౌలు, ప్రభువు సన్నిధిని నిలుచుటను గూర్చి చెప్పుచు, ఆ ధాతువునకే వ్యతిరేకార్థకమైన మాటను వాడెను. అచ్చటను మన అనువాదకులు 'తొందర' అను మాటనే నిలిపి, అది లేకుండుటను గూర్చి చెప్పిరి. ఎంత మెలకువగల పని! ఈ కాలపు చదువరి తొందర అనగా త్వరపడుట అనుకొనును. వెనుకటి తెలుగులో దానికి కలత, చిక్కు, ఉపద్రవము అను అర్థములును బలముగా నుండెను. ఒకని తొందర పెట్టుట అనగా బాధించుట. ఇట్లు చూచినయెడల మార్త నేరము వేగముగా వంట చేయుట కాదు. కేరీ దినమంతయు వేగముగానే నడచినది. మార్త చేతులు పొయ్యియొద్దను, కన్నులు చెల్లెలిమీదను, మనస్సు అతిథి తన్నుగూర్చి ఏమనుకొనుచున్నాడో అను దానిమీదను ఉండెను. ప్రభువు మందలించినది ఆ చీలికను. వంట మానుమని ఆయన ఎక్కడను చెప్పలేదు; చెప్పెనని ప్రసంగించు పురుషులు ఆ ఆదివారము మధ్యాహ్నము భోజనము మానివేసినయెడల వారి ఉపదేశమునకు బలము కలుగును.

అయితే కేరీ మాత్రము చీలిపోలేదా? ఈ ప్రశ్న అడుగక ముందుకు పోవుట న్యాయము కాదు. సేరంపూరు నుండి దాదాపు 40 భాషలలో లేఖన భాగములు వెలువడెను. ఇది ఘనతయని నూరు పుస్తకములు చెప్పుచున్నవి. ఆ అనువాదములలో అనేకములు నిలువలేదనుటయు అంతే నిజము. మన సంగతియే చూడుడి. విశాఖపట్టణములో 1805 నుండి పనిచేసిన లండను మిషనరీలలో డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సహాయముతో అనువదించిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యెను. సేరంపూరువారి తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడెను. నేడు మనము చదువు బైబిలు ఆ 1818 ప్రతి కాదు. తరువాతి వారి దీర్ఘ పరిశ్రమ. కేరీ తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయినది. రెండు సంవత్సరములు తిరుగకమునుపే, 1816లో, మద్రాసులో క్యాంప్‌బెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ ఒక పీఠిక చేర్చి, తెలుగు సంస్కృతము నుండి పుట్టినదను కేరీ మొదలగువారి తలంపు సరికాదనియు, తమిళము కన్నడములతో దానికి ధాతు సంబంధము కలదనియు నిరూపించెను. నా అభిప్రాయమేమనగా, ఇది తెలివికి సంబంధించిన లోపము కాదు. ఉదయము నుండి సంస్కృతములో మునిగియున్న చెవి, సాయంకాలపు ఒక గంటలో సంస్కృతము తెలిసిన పండితుని నోట తెలుగు వినినప్పుడు, దానికి సంస్కృత పదములే ఎక్కువగా వినబడెను. పొలములోని తెలుగు, సంతలోని తెలుగు ఆ గదిలోనికి రాలేదు. భాషకైనను బిడ్డకైనను దినపు చివర మిగిలిన గంట చాలదు.

అయినను ఆ వ్యాకరణము వెనుక నున్న కథ తెలిసిన తరువాత దానిని తేలికగా మాటలాడుటకు మనస్సు రాదు. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము సేరంపూరు ముద్రణాలయము తగులబడెను. కేరీ అప్పుడు కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ పోయి ఆయనకు ఆ వార్త చెప్పవలసి వచ్చెను. కాగితములు, అనేక భాషల అచ్చు అక్షరములు, బహుభాషా నిఘంటువు, పంజాబీ వ్యాకరణము, వాటితోకూడ తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి బూడిదయ్యెను. నడచిన దారిని రెండవసారి నడచుట సులభముగాను స్థిరముగాను ఉండునని ఆయన వ్రాసికొని, మొదటినుండి ఆరంభించెను. మనకు 1814లో దొరకినది ఆ రెండవ నడక.

ఇంతకంటె కఠినమైన సంగతి ఇంకొకటి ఉన్నది. కేరీ భార్య డొరతీ ఈ దేశమునకు రానొల్లక, చివరకు బలవంతము మీద బయలుదేరినది. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. ఆ మీదట ఆమెకు మతి స్థిమితము తప్పెను. 1807 డిసెంబరు 8న సేరంపూరులో మరణించువరకు సుమారు పండ్రెండు సంవత్సరములు ఆ వ్యాధితోనే జీవించినది. ఆమె గదిలో కేకలు వేయుచుండగా ప్రక్క గదిలో కేరీ అనువాదము చేసిన దినములు కలవు. 1806 జూన్ 12 నాడు ఆమె జీవించియే యున్నది, నదికి ఎగువన, సేరంపూరులో. ఆ దినపు లెక్కలో ఆమె ప్రస్తావన లేదు. కుమారులు అదుపులేక పెరుగుచుండగా తండ్రి చూచి దుఃఖపడెనే గాని దిద్దలేకపోయెనని హన్నా మార్ష్‌మన్ వ్రాసెను. వారిని దారికి తెచ్చినవారు ఆమెయు, అచ్చు పని చూచు విలియమ్ వార్డును. బల్లమీద వేళకు భోజనము పెట్టి, పాఠశాలలు నడిపి, పరుల బిడ్డలను తన బిడ్డలవలె చూచిన హన్నా గంటలు కేరీ గంటల క్రింద పునాదిరాళ్లవలె కనబడకుండ నున్నవి.

ఆ కాలమున మానసిక వ్యాధికి చికిత్స లేదు. కేరీ ఆమెను దూరముగా పంపివేయలేదు. ఈ రెండును ఆయన పక్షమున చెప్పవలసినవి. చెప్పిన తరువాతను ప్రశ్న మిగిలియే యున్నది. 1805 అక్టోబరులో సేరంపూరు సహోదరులు ఒక నిబంధన పత్రము వ్రాసికొనిరి. సంవత్సరమునకు మూడుసార్లు దానిని బహిరంగముగా చదువుకొనవలెనని నిర్ణయించుకొనిరి. తమ సమయము, వరములు, బలము, కుటుంబములు, ధరించిన వస్త్రములు సహా తమవి కావని అందులో ఒప్పుకొనిరి. ఎంత ఉన్నతమైన సమర్పణ! అయితే ఆ జాబితాలో కుటుంబమును ఏ భావముతో చదువవలెను? నా సమయము నాది కాదు గనుక దేవుని పనికై ఖర్చు చేయవచ్చును. నా భార్య నాది కాదు గనుక ఆమెను కూడ అట్లే ఖర్చు చేయవచ్చునా? సమయము నాణెము, మనుష్యుడు నాణెము కాడు. నాది కానిదానిని నాకు అప్పగించినవాడు తిరిగి లెక్క అడుగును. సువార్త పనియని చెప్పి ఇంటిని నిర్లక్ష్యపెట్టు బోధకులు, కార్యాలయ బాధ్యతయని చెప్పి అదే చేయు విశ్వాసులు మన సంఘములలో కొదువ లేరు. వారు కేరీ పేరు సాక్ష్యముగా చెప్పినప్పుడు డొరతీ పేరును కూడ చెప్పవలెనని కోరుచున్నాను.

కేరీకి విశ్రాంతి తెలియదని అనుకొనకుడి. సేరంపూరులో ఆయనకు అయిదు ఎకరముల తోట యుండెను. వృక్షశాస్త్రక్రమము ననుసరించి మొక్కలు నాటించి, తెల్లవారుజామున అచ్చట తిరుగుచు ధ్యానించుట ఆయనకు అలవాటు. 1820లో కలకత్తాలో వ్యవసాయ ఉద్యానవన సంఘమును స్థాపించినవాడు ఆయనయే. 1823 అక్టోబరులో పడవనుండి దిగుచు జారిపడి, తుంటికి దెబ్బ తగిలి నెలల తరబడి కర్రలమీద నడచెను. ఆ దినములలోనే దామోదర నది వరద తోటను పాడుచేసెను. ఆయన మరల నాటెను. ప్రభువైన యేసు శిష్యులను జనసమూహము నుండి ఎడారి ప్రదేశమునకు పిలిచికొనిపోయెనని మార్కు ఆరవ అధ్యాయములో చదువుచున్నాము. వారికి తినుటకైనను వ్యవధి లేకుండెను గనుక పిలిచెను. అలసిన దాసుని ఎరుగని యజమానుడు కాడాయన.

మరియొక తలంపు. సమయమును గూర్చి ప్రసంగించువారు తరచుగా తన సమయము తన చేతిలోనున్న మనుష్యుని మనస్సులో పెట్టుకొని మాటలాడుదురు. హుగ్లీ నది ఒడ్డున సేరంపూరు పొరుగుననే రిష్రా ఉన్నది. మన దేశములో మొదటి జనపనార మిల్లు 1855లో అచ్చట పెట్టబడెను. తరువాత నది రెండు ఒడ్డులను మిల్లులు లేచెను. గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తెలుగువారు వేలాదిగా ఆ మిల్లులకు, టీటాగఢ్ మొదలగు స్థలములకు పోయి కాపురముండిరి. వారి దినమును విభజించినది మిల్లు కూత. కూతకు లేచి, కూతకు తిని, కూతకు పండుకొను మనుష్యునికి ఉదయము ఏడింటివరకు ఏకాంత ప్రార్థన చేయుమని చెప్పుట ఎట్లు? ఎఫెసీ పత్రిక ఆరవ అధ్యాయము చదువుడి. ఆ సంఘములో దాసులు కూర్చుండియే ఈ ఉత్తరము వినిరి. వారికి ఒక్క గంటయు స్వంతము కాదు. సమయము కొనుమను మాట వారికిని చెప్పబడినది. యజమానుని ముఖము చూచి కాక, క్రీస్తు దాసులమని తలంచి మనఃపూర్వకముగా చేయుమని అపొస్తలుడు వారికి వ్రాసెను. అనగా గంటలను ఇతరులు తీసికొనినను, ఆ గంటలో మనస్సు ఎవరివైపు తిరిగియుండవలెనో ఆ నిర్ణయమును ఎవరును తీసికొనలేరు. మగ్గమునొద్ద నిలిచిన కూలివానికిని, మూడు ఇండ్లలో పాచిపని చేయు సహోదరికిని, రాత్రి విధులలోనున్న నర్సునకును ఇది సాధ్యము. పని గంటలు న్యాయముగా ఉండవలెనని యజమానులను అడుగుటయు సంఘపు ధర్మమే. ఆ అధ్యాయములోనే యజమానులకును ఆజ్ఞ ఉన్నది.

చివరిగా, క్రమము యెడల ప్రేమగలవారికి వచ్చు శోధన ఒకటి చెప్పవలెను. క్రమమే దేవుడగుట ఆ శోధన. యాయీరు ఇంటికి పోవు త్రోవలో, గడియ గడియకు అతని కుమార్తె ప్రాణము క్షీణించుచుండగా, పండ్రెండేండ్ల రోగముగల స్త్రీ కొరకు యేసు నిలిచిపోయెను. మనమైతే ఆమెను రేపు రమ్మందుము. మరియొక చోట, అందరు ఆయనను వెదకుచుండగా, ఆయన వారియొద్దకు తిరిగిరాక పొరుగు ఊళ్లకు వెళ్లిపోయెను. ఒక చోట నిలుచుట, మరియొక చోట నిలువకపోవుట: ఈ వివేచన ఏ పట్టికయు ఇయ్యజాలదు. తెల్లవారకమునుపు అరణ్యములో తండ్రితో గడపిన గడియలోనే అది దొరకును.

కేరీకి 68 ఏండ్ల వయస్సున అట్టి ఘడియ వచ్చినది. అప్పటికాయన ప్రభుత్వపు బంగాళీ అనువాదకుడు. 1829 డిసెంబరు 4న గవర్నరు జనరలు బెంటింక్ సహగమనమును నిషేధించు శాసనము చేసెను. అనువాదము నిమిత్తము ఆ పత్రము సేరంపూరు చేరినది ఆదివారము నాడు. కేరీ ఆరాధనకు సిద్ధపడుచుండెను. ముప్పది సంవత్సరములుగా ఆయన ఈ దురాచారము తొలగవలెనని పోరాడుచుండెను. శాసనము బంగాళీలో వెలువడువరకు గ్రామములకు అది తెలియదు. ఒక గంట ఆలస్యమైనను ఎక్కడనో ఒక చితి వెలుగును. ఆయన ప్రసంగపీఠమును వేరొకరికి అప్పగించి, తన నల్లకోటు విడిచివేసి, పండితుని పిలిపించి, తలుపు మూసికొని కూర్చుండెను. సాయంకాలమునకు అనువాదము ముగిసినది.